మూర మీద నాలుగు వేళ్లు: కొసరు ఎప్పుడు బంధమవుతుంది, ఎప్పుడు ఎర అవుతుంది

చెన్నై పశ్చిమ మాంబళంలో మా వీధి చివర పూలమ్మే అమ్మ మూర కొలిచే తీరు చాలాసార్లు నిలబడి చూశాను. మల్లెదండ కొసను మధ్యవేలి చివర పట్టుకుని, మోచేతి దాకా లాగి, అక్కడ రెండో చేతి బొటనవేలితో నొక్కి పెడుతుంది. అంతవరకూ కొలత. దారం తెంపే ముందు ఆ వేలిని ఇంకో నాలుగు వేళ్ల వెడల్పు ముందుకు జరుపుతుంది. మనం ఫోన్ చూసుకుంటూ ఉంటే ఒక్క క్షణం ఆగుతుంది. మనం తలెత్తాక జరిపి, అప్పుడు తెంపుతుంది.

ఆ నాలుగు వేళ్ల మల్లెల ఖరీదు ఒకటో రెండో రూపాయలు. పక్క వీధిలో ఇంకో పూలబండి ఉంది. ధర ఒకటే, పూలు వచ్చేదీ అదే కోయంబేడు మార్కెట్ నుంచి. అయినా మా ఇంట్లోవాళ్లు, ఎదురింటివాళ్లు నాలుగడుగులు ఎక్కువ నడిచి ఈమె దగ్గరికే వస్తారు. మనం దీన్ని కొసరు అంటాం. ఇక్కడి తమిళులు కొసురు అంటారు, మాట దాదాపు అదే. అసలు కన్నా కొసరు ముద్దు అనే మాట మన ఇళ్లలో వినని వాళ్లుండరు.

పద్దెనిమిదేళ్లుగా ఈ ఊళ్లో చిన్న వ్యాపారాలకు ప్రచారం పనులు చూస్తున్నాను. దీపావళి దగ్గరపడగానే దుకాణదార్లందరూ అడిగేది ఒకటే: "ఈసారి కస్టమర్లకు ఏమిద్దాం?" స్వీటు బాక్సా, క్యాలెండరా, స్టీలు డబ్బానా? ఈమధ్య ఆన్‌లైన్ ప్రకటనలకు పెట్టిన డబ్బు తిరిగి రావడం లేదని, చేతిరాత కార్డులు, ఇంటికెళ్లి పలకరించడాలు మళ్లీ మొదలుపెడదామంటున్నారు. నాకు సంతోషమే. అయితే ఇవి ఎందుకు పనిచేస్తాయో తెలుసుకోకుండా చేస్తే డబ్బు పోవడమే కాదు, ఉన్న మర్యాద కూడా పోతుంది. రెండూ జరగడం దగ్గర నుంచి చూశాను కాబట్టే ఇది రాస్తున్నాను.

మెట్లెక్కి వచ్చిన పిలుపు

బొట్టు పెట్టి పిలిచినవాళ్ల పెళ్లికీ, వాట్సాప్‌లో కార్డు పెట్టినవాళ్ల పెళ్లికీ మనం వెళ్లే తీరులో ఎంత తేడా ఉంటుందో తెలుగిళ్లలో ఎవరికీ చెప్పక్కర్లేదు. ముహూర్తం అదే, భోజనం అదే. కానీ ఎండలో ఆటో దిగి, మూడంతస్తులు ఎక్కి, కుంకుమ భరిణె చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ మనిషిని చూశాక "వీలుంటే వస్తాం" అనడానికి నోరు రాదు. ఆ శ్రమ ఎవరో మనకోసం పడ్డారు. వెయ్యి మందికి ఒకేసారి పడగలిగే శ్రమ కాదది.

దీని మూలాన్ని మైకేల్ స్పెన్స్ అనే ఆర్థికశాస్త్రవేత్త 1973లో ఉద్యోగాల మార్కెట్ గురించి రాస్తూ పట్టుకున్నారు. మనలో ఉన్న గుణం ఎదుటివాళ్లకు కనబడదు. దాన్ని నమ్మించాలంటే, ఆ గుణం లేనివాళ్లు అంత తేలిగ్గా చేయలేని పని చేసి చూపించాలి. 2001లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ అందుకున్న ముగ్గురిలో ఆయన ఒకరు. మన దుకాణం సంగతికి దీన్ని అన్వయిస్తే విషయం తేటపడుతుంది. "మీరు మాకు ముఖ్యం" అని ప్రతి దుకాణమూ అంటుంది. మన దేశంలో వాట్సాప్ వాడేవాళ్లు 50 కోట్లకు పైనే. పండగ రోజు పొద్దున ఫోన్ తెరిస్తే బ్యాంకు, బట్టల కొట్టు, రక్తపరీక్షల ల్యాబు అన్నీ కలిసి శుభాకాంక్షలు చెబుతాయి. పంపడానికి ఏ కష్టమూ లేదు కాబట్టి అందులో ఏ సమాచారమూ లేదు. పోస్టుకార్డు ఇప్పటికీ 50 పైసలే. కానీ దాని మీద పేరు, చిరునామా, నాలుగు ముక్కలు రాయడానికి పది నిమిషాలు కూర్చోవాలి. కార్డు అందుకున్నవాళ్లు చదివేది ఆ పది నిమిషాల్ని.

పరిశోధనలు కూడా ఈ వైపే చూపిస్తున్నాయి. 2005లో టెక్సస్‌లోని ఒక విశ్వవిద్యాలయంలో ర్యాండీ గార్నర్ అనే ఆచార్యుడు తోటి అధ్యాపకులకు ఒక ప్రశ్నాపత్రం పంపి నింపమని అడిగారు. కొందరికి ఉత్త ప్రశ్నాపత్రం. కొందరికి పై పేజీ మీదే చేత్తో రాసిన విన్నపం. ఇంకొందరికి అదే విన్నపం చిన్న పసుపు చీటీ మీద రాసి అంటించారు. ఉత్త ప్రశ్నాపత్రం అందుకున్నవాళ్లలో నింపి తిరిగి పంపినవాళ్లు నూటికి 36 మంది. పేజీ మీద రాస్తే 48. చీటీ అంటిస్తే సుమారు 75. ఎవరో ఆగి, రాసి, అంటించారన్న ఆనవాలు కనబడితే చాలు, అవతలి మనిషి కదులుతున్నాడు.

నాకు ఇంకా నచ్చే ప్రయోగం 2002 నాటిది. అమెరికా హోటళ్లలో బిల్లుతో పాటు చాక్లెట్లు ఇచ్చి టిప్పు ఎంత పెరుగుతుందో చూశారు. చాక్లెట్ ఏమీ ఇవ్వకపోతే బిల్లులో దాదాపు 19 శాతం టిప్పు. ఒకేసారి రెండిస్తే 21, 22 మధ్య. ఒకటిచ్చి వెళ్లబోతూ, వెనక్కి తిరిగి, మనసు మార్చుకున్నట్టు ఇంకొకటి ఇస్తే 23 శాతం. రెండు సందర్భాల్లోనూ చేతికొచ్చినవి రెండే చాక్లెట్లు. ఆ తేడా అంతా వెనక్కి తిరగడంలో ఉంది. మనం తలెత్తేదాకా మా పూలమ్మ ఆగడం కూడా ఇదే. కొసరు కొలతలో కలిసిపోతే కొసరు కాదు. కొలత అయిపోయిందని ఇద్దరికీ తెలిశాక, ఆపైన పడేదే కొసరు.

మరి దీన్ని పద్ధతి ప్రకారం అందరికీ చేసేస్తే? అది కూడా చూశారు. అమెరికాలో ప్రజా టీవీ కేంద్రాలకు విరాళమిచ్చినవాళ్లలో కొందరికి ఫోన్ చేసి ధన్యవాదాలు చెప్పించారు. ఆరేళ్ల పాటు, అయిదు లక్షలకు పైగా దాతల మీద జరిగిన ఈ పరిశీలన 2023లో అచ్చయింది. ఫోన్ అందుకున్నవాళ్లు తర్వాత ఇచ్చిన విరాళంలో చెప్పుకోదగ్గ మార్పేమీ లేదు. ఫోన్ కాబట్టి ఫలించలేదని నేను అనుకోను. ముక్కూమొహం తెలియని గొంతు, ఒకే రకం మాటలు. ధన్యవాదం కూడా బొట్టు పెట్టి చెప్పాలేమో.

ఊరగాయ సీసా మీద చీటీ

గుంటూరు నుంచి వచ్చి కోడంబాక్కంలో స్థిరపడ్డ ఒక అక్క పచ్చళ్లు, పొడులు చేసి అమ్ముతుంది. పదేళ్ల పరిచయం. ఆవిడ దగ్గర అట్ట చిరిగిన పొడుగు పుస్తకం ఒకటుంది. ఒక్కో ఇంటికి ఒక్కో పేజీ. డబ్బుల లెక్క కింద ఒక మూల, వెల్లుల్లి వద్దు, గోంగూరలో మిరపకాయలు పైన కనబడాలి, ముక్క చిన్నది, మామగారికి పళ్లు లేవు అని పెన్సిలుతో రాసి ఉంటుంది. పోయిన వేసవిలో నేను వెళ్లేసరికి ఆవకాయ సీసాలు వరసగా పెట్టి మూతలకు గుడ్డ కడుతోంది. ఒక సీసాకు దారంతో చిన్న చీటీ కట్టి ఉంది. అందులో ఇలా ఉంది: "నాన్నగారికి బీపీ అన్నారు కదా, ఉప్పు తగ్గించాను. మామూలుగా ఏడాది నిలవ ఉంటుంది కానీ ఇది ఉండదు. ఫ్రిజ్‌లో పెట్టి రెండు నెలల్లో తినేయండి. తడి చెయ్యి పెట్టకండి."

ఆ చీటీలో ధన్యవాదాలు లేవు, మళ్లీ కొనమని లేదు, బొమ్మలు లేవు. ఆవిడకు ప్రచారం అన్న ఆలోచన కూడా లేదు. కానీ అందులో మూడు సంగతులు కలిసున్నాయి. మీరు చెప్పింది నాకు గుర్తుంది. దాన్నిబట్టి నా పనిలో మార్పు చేశాను. ఆ మార్పు వల్ల వచ్చే నష్టం కూడా దాచకుండా చెబుతున్నాను. మూడోది అన్నిటికన్నా విలువైనది. మన దుకాణాలు చేతిరాత కార్డులంటూ ఖర్చు పెట్టేటప్పుడు మర్చిపోయేది కూడా దాన్నే. అందమైన దస్తూరీతో "మీ ఆదరణకు కృతజ్ఞతలు" అని వెయ్యి కార్డులు రాయించవచ్చు. ఇప్పుడు పెన్ను పట్టి మనిషిలా రాసే యంత్రాలే వచ్చాయి. అది యంత్రం రాసిందని తెలిసిన క్షణాన ఆ కార్డు వాట్సాప్ మెసేజ్ కంటే చులకనైపోతుంది, ఎందుకంటే అది శ్రమను నటించింది.

ఇక రాయాలని ఉన్నా సిగ్గుపడి రాయనివాళ్లు చాలామంది ఉన్నారు. ఏం రాస్తే ఏమనుకుంటారో, ఇదేదో కాకాపట్టడంలా ఉంటుందేమో అని వెనకాడతారు. 2018లో అమిత్ కుమార్, నికొలస్ ఎప్లీ అనే ఇద్దరు పరిశోధకులు ఈ తటపటాయింపునే పరీక్షించారు. కృతజ్ఞత తెలుపుతూ ఉత్తరాలు రాయించి, అందుకున్నవాళ్లను తర్వాత అడిగారు. రాసినవాళ్లు ఊహించినదానికన్నా అందుకున్నవాళ్లు ఎక్కువ సంతోషపడ్డారు, ఊహించినంత ఇబ్బంది పడలేదు. మాటలు సరిగ్గా కుదిరాయా లేదా అని రాసినవాళ్లే బెంగపడ్డారు. అందుకున్నవాళ్లు చూసింది అందులోని ఆప్యాయతను.

మొహమాటం అనే లెక్క

మొహమాటం అన్న మాట నోట్లో నానని తెలుగువాళ్లు ఉండరు. వ్యాపార బహుమతుల గుట్టంతా అందులోనే ఉంది.

మార్సెల్ మోస్ అనే ఫ్రెంచి పండితుడు 1925లో బహుమానాల గురించి రాసిన వ్యాసంలో మూడు బాధ్యతలు చెప్పాడు: ఇవ్వాలి, ఇచ్చినప్పుడు పుచ్చుకోవాలి, పుచ్చుకున్నాక తిరిగి ఇవ్వాలి. పేరంటంలో వాయనం పుచ్చుకున్న ప్రతి ఇల్లాలికీ ఇది తెలుసు. వ్యాపారంలో ఈ మూడో బాధ్యతను నొక్కి వసూలు చేయడం మొదలైన చోట కొసరు ఎరగా మారుతుంది.

టీ నగర్‌లో పట్టుచీరల కొట్టుకి వెళితే కూర్చోబెట్టి ఫిల్టర్ కాఫీ ఇస్తారు. కాఫీ ఇవ్వడం మర్యాద. చాలా కొట్లలో అది మర్యాదగానే ఉంటుంది. కానీ మా చెల్లెలి పెళ్లి చీరలకని వెళ్లినప్పుడు ఒక చోట మాకు కాఫీ తెచ్చిచ్చి, పిల్లలకు జ్యూస్ తెప్పించి, ఇరవై చీరలు పరిచాక మాకు ఏదీ నచ్చలేదంటే, ఆ సేల్స్‌మన్ మొహం మాడ్చుకుని ఖాళీ గ్లాసుల వైపు చూశాడు. అమ్మ మొహమాటపడి ఒక చీర కొంది. బీరువాలో ఆ చీర ఇప్పటికీ మడత విప్పలేదు, ఆ కొట్టు మెట్లు మళ్లీ ఎక్కలేదు. ఆ రోజు లెక్కలో వాళ్లకు అది అమ్మకమే. మా పెదనాన్నగారింట్లో ఆ తర్వాత జరిగిన రెండు పెళ్లిళ్ల చీరలు ఆ లెక్కలో కనబడవు.

ఎరకూ కొసరుకూ తేడా కనిపెట్టడానికి నేను వాడే గుర్తు చాలా సులువు. ఇచ్చాక అడుగుతున్నామా అన్నది చూస్తాను. స్వీటు బాక్సులోనే పదిశాతం తగ్గింపు కూపను పెట్టారంటే, ఆ స్వీటు కూపనుకు పొట్లం కాగితం అయిపోయింది. తగ్గింపు ఇవ్వాలంటే ఇవ్వండి, దానికి వేరే రోజు ఉంది.

ఈ గీత దాటితే ఎంత దూరం పోతుందో మందుల వ్యాపారం చూపించింది. డాక్టర్లకు బంగారు నాణేలు, టీవీలు, ఫ్రిజ్‌లు ఇచ్చి ఆ ఖర్చును వ్యాపార ఖర్చుగా చూపించుకోవచ్చా అన్న కేసు చెన్నైకి చెందిన ఒక మందుల కంపెనీదే. 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు కుదరదని తేల్చింది. డాక్టర్లకు అటువంటి కానుకలు తీసుకోవడమే నిషిద్ధమైనప్పుడు, ఇచ్చినవాళ్లకు పన్ను మినహాయింపు ఎలా వస్తుందని అడిగింది. ఆ ఫ్రిజ్ ఖరీదు చివరికి రోగి మందుచీటీలోకి వచ్చి చేరుతుంది మరి. డీలర్లకు కానుకలిచ్చే వ్యాపారులకు ఇంకో సంగతి: 2022 జులై నుంచి, వ్యాపార సంబంధంగా ఒకరికి ఏడాదిలో ఇచ్చే ప్రయోజనాల విలువ 20,000 రూపాయలు దాటితే పది శాతం టీడీఎస్ (ముందుగానే మినహాయించే పన్ను) కట్టాలి. ఉచితంగా ఇచ్చేసిన సరుకు మీద కట్టిన జీఎస్టీని తిరిగి జమ చేసుకోవడానికీ వీల్లేదు. పూలమ్మ నాలుగు వేళ్లకు ఈ బాధ లేదు.

అడగకుండా ఇచ్చి నిలిచినవాళ్లకు ఉదాహరణ కోసం మనం ఎక్కడికో పోనక్కర్లేదు. మైలాపూరు లజ్‌లో ఉన్న నాగేశ్వరరావు పార్కు ఎవరి పేరు మీద ఉందో, అక్కడ నడిచే ఈ తరం పిల్లల్లో చాలామందికి తెలియదు. దేశోద్ధారక కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టారు. కొత్త మందును జనానికి అలవాటు చేయడానికి ఆయన సంగీత కచేరీల్లో ఉచితంగా పంచేవారని ప్రతీతి. ఆ ఎంపిక గురించి ఎప్పుడు ఆలోచించినా నాకు ముచ్చటేస్తుంది. గంటల తరబడి జనం మధ్య, ఉక్కపోతలో కూర్చున్న మనిషికి తలనొప్పి రావడం సహజం. అప్పుడే చేతిలో ఆ పసుపు లేపనం పడుతుంది. ఒకరు రాసుకుంటే వాసన వరసంతా పాకుతుంది. అవసరం ఉన్న చోట, అవసరం ఉన్న పూట, ఏమీ అడక్కుండా. ఆ డబ్బుతోనే ఆయన ఆంధ్రపత్రిక నడిపారు. 1914లో దాన్ని మద్రాసులో దినపత్రిక చేశారు. నూట ముప్పై ఏళ్లు దాటినా ఆ సీసా మన ఇళ్లలో ఉంది.

గుర్తుపెట్టుకోవడం ఎవరి పని

మా పక్కింట్లో ఉండే ఆంటీకి రెండేళ్ల కిందట ఒక నగల దుకాణం నుంచి ఫోన్ వచ్చింది. "మేడమ్, పెళ్లిరోజు శుభాకాంక్షలు, సార్‌తో కలిసి షోరూమ్‌కి రండి, మీకో గిఫ్ట్ ఉంది." అంకుల్ పోయి అప్పటికి నాలుగు నెలలు. ఆ ఫోన్ చేసిన అమ్మాయి తప్పు లేదు, తెర మీద వచ్చిన పేరు చదివింది. ఆంటీ ఏమీ అనలేదు, ఫోన్ పెట్టేసి వంటింట్లోకి వెళ్లిపోయింది. ఎప్పుడో నగల చీటీ కట్టేటప్పుడు ఫారం మీద ఆ తేదీ ఆవిడే రాసిచ్చింది. తేదీని కంప్యూటర్ దాచింది. అంకుల్ పోయారన్న వార్త మాత్రం కంప్యూటర్‌కి ఎవరూ చెప్పలేదు.

మనిషి జ్ఞాపకానికీ, యంత్రం జ్ఞాపకానికీ తేడా ఇదే. యంత్రం ఏదీ మర్చిపోదు, ఏదీ తెలుసుకోదు. నా దగ్గరికి వచ్చే వ్యాపారులకు పుట్టినరోజుల జాబితా, పెళ్లిరోజుల జాబితా పెట్టుకోవద్దనే చెబుతాను. బదులుగా కస్టమర్ తనంతట తాను మాటల్లో చెప్పిన సంగతి ఒక్కటి రాసుకోమంటాను. పిల్లాడికి ప్లస్ టూ పరీక్షలు, అత్తగారికి మోకాళ్ల ఆపరేషన్. ఆ తర్వాత వాళ్లు వచ్చినప్పుడు "అత్తగారు నడుస్తున్నారా అమ్మా?" అని అడిగితే చాలు. రాసుకున్న సంగతులు కౌంటర్‌లో ఉన్న మనిషి కళ్లకే కనబడాలి, ఇంకెవరికీ చేరకూడదు. 2023లో వచ్చిన వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, డిజిటల్‌గా దాచే వివరాలకు సమ్మతి కావాలంటుంది. అదే ఏడాది మేలో, బిల్లు వేయడానికి ఫోన్ నంబర్ ఇచ్చి తీరాలని పట్టుబట్టవద్దని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ దుకాణాలకు సూచించింది. అయినా మనం "నంబర్ చెప్పండి" అనగానే చెప్పేస్తున్నాం. అక్కడా మొహమాటమే.

చెన్నైలో ఇంకో చిక్కు ఉంది, ఇది బయటివాళ్లకు తట్టదు. తెలుగు కస్టమర్లకు తెలుగులో కార్డు రాస్తే మురిసిపోతారని అనుకుంటాం. ఇక్కడ తరతరాలుగా స్థిరపడ్డ తెలుగిళ్లలో చాలామంది తెలుగు మాట్లాడతారు, చదవలేరు. బడిలో నేర్చుకున్నది తమిళం. 2006లో తమిళ అభ్యసన చట్టం వచ్చాక ఒకటో తరగతి నుంచి బడుల్లో తమిళం తప్పనిసరి అయింది కాబట్టి, ఈ తరానికి తెలుగు అక్షరం ఇంకా దూరమైంది. అటువంటి ఇంటికి తెలుగు లిపిలో ఉత్తరం పంపితే, ఆప్యాయత కాస్తా "మాకు మన భాష చదవడం రాదు" అన్న బాధగా మారవచ్చు. ఆ ఇళ్లకు నోటితో తెలుగు, కాగితం మీద తమిళం సరిపోతుంది. ఇది ఏ సాఫ్ట్‌వేర్ చెప్పదు, ఇంటికెళ్లి మాట్లాడితేనే తెలుస్తుంది.

మైలాపూరు మాడవీధిలో ఒక పచారీ కొట్టాయన ఈ పని ఎంత చక్కగా చేస్తాడో చెబుతాను. వేపపువ్వు మన ఉగాది పచ్చడికీ కావాలి, తమిళుల సంవత్సరాది అయిన పుత్తాండు పచ్చడికీ కావాలి. పుత్తాండు ఏప్రిల్ 14న వస్తుంది. ఉగాది కదులుతూ ఉంటుంది: 2024లో ఏప్రిల్ 9, 2025లో మార్చి 30. ఆయన ఎండు వేపపువ్వును చిన్న చిన్న పొట్లాలు కట్టి పెట్టుకుంటాడు. తెలుగిళ్ల సరుకుల సంచిలో ఉగాదికి రెండు రోజుల ముందు, తమిళిళ్ల సంచిలో పుత్తాండుకి ముందు ఒక పొట్లం పడుతుంది. బిల్లులో రాయడు. ఏ ఇల్లు ఏ పండగ చేస్తుందో ఆయనకు తెలుసు. వేపపువ్వు విలువ ఏపాటిది? ఆ తెలిసుండటమే విలువ.

ఎవరూ అడగకపోయినా అక్కరకొచ్చే పలకరింపు ఇంకోటుంది. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫానుకు వేళచేరి మునిగినప్పుడు మా పిన్ని వాళ్లకు కరెంటు లేదు, ఫోన్ సిగ్నల్ లేదు. యూపీఐ పనిచేయక, చేతిలో నోట్లు లేక జనం అల్లాడారు. వాళ్ల సందులో అందరూ అన్నాచ్చి అని పిలిచే కిరాణా కొట్టాయన షట్టరు సగం ఎత్తి, మోకాళ్ల నీళ్లలో నిలబడి అందరికీ సరుకులు అరువిచ్చాడు, నోటుపుస్తకంలో రాసుకుంటూ. పాల ప్యాకెట్లు మాత్రం ఎవరికి పడితే వారికి ఇవ్వలేదు. చంటిపిల్లలున్న ఇళ్లకని పక్కన పెట్టాడు. పిన్ని మనవరాలికి అప్పుడు ఏడు నెలలు. పది నిమిషాల్లో సరుకులు తెచ్చే యాప్ పిన్ని ఫోన్‌లోనూ ఉంది, ఆకుకూరలకి వాడుతుంది. నెల సరుకులు మాత్రం ఆ కొట్టు నుంచే వస్తాయి.

ఎంతమందికి చేయగలం, ఎలా లెక్కపెట్టగలం

రోజుకు అయిదు చీటీలు రాస్తే ఏడాదికి 1,825. ఒక మనిషి చేతికి హద్దు దాదాపు అదే. పెద్ద సంస్థలు ఇక్కడే తడబడతాయి.

హద్దు దాటినవాడు ఒకడున్నాడు. అమెరికాలో డెట్రాయిట్ దగ్గర జో జిరార్డ్ అనే కార్ల సేల్స్‌మన్ 1963 నుంచి 1977 వరకు 13,001 కార్లు అమ్మి గిన్నిస్ పుస్తకంలోకెక్కాడు. నెలకు పదమూడు వేల కార్డులు పంపేవాడని చెబుతారు. ప్రతి నెలా వేరే కార్డు, లోపల "మీరంటే నాకిష్టం" అన్న అచ్చు మాట. చేతిరాత కాకపోయినా ఎందుకు పనిచేసిందంటే, ఆ కార్డు కారు కొనమని అడగలేదు, ఒక్క నెల కూడా మానలేదు. ఏళ్ల తరబడి తప్పకపోవడం కూడా శ్రమే, దాన్ని నటించడం కుదరదు.

మన దగ్గర దానికి సాటి వచ్చేది పసుపు గుడ్డసంచి. తమిళనాడులో 2019 జనవరి 1 నుంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ నిషిద్ధం. 2021 డిసెంబరులో ప్రభుత్వమే "మళ్లీ పసుపు సంచి" అంటూ మంజప్పై ఉద్యమం మొదలుపెట్టింది. కొట్టు పేరు అచ్చేసిన ఆ సంచి కూరలకి, రేషనుకి, ఊరి ప్రయాణానికి ఏళ్లపాటు తిరుగుతుంది. అది ఒక్కొక్కరి కోసం చేసింది కాదు, కానీ రోజూ ఉపయోగపడుతుంది. అందరికీ ఇవ్వాల్సి వస్తే పనికొచ్చే వస్తువు ఇవ్వండి, కొందరికైతే వాళ్లకు మాత్రమే చెందిన మాట ఇవ్వండి. ఈ రెండింటి మధ్యలో ఉండేవే పేరు ముద్రించిన పెన్నుల స్టాండ్లు. అవి నేరుగా అటకెక్కుతాయి.

లెక్క దగ్గర జరిగే పొరపాటు ఒకటి చెప్పాలి, ఎందుకంటే దీనివల్ల చాలామంది మోసపోతున్నారు. దుకాణదారు తన మంచి కస్టమర్లకు కార్డులు పంపుతాడు. ఆరునెలల తర్వాత చూస్తే కార్డు అందుకున్నవాళ్లు ఎక్కువ కొన్నారు. కార్డు పనిచేసిందని పొంగిపోతాడు. కానీ వాళ్లు అంతకుముందూ ఎక్కువ కొన్నవాళ్లే, అందుకేగా కార్డు పంపాడు! నిజం తెలియాలంటే ఒకేలాంటి కస్టమర్లను చీట్లు తీసి రెండు భాగాలు చేయాలి. ఒక సగానికి పంపాలి, రెండో సగానికి పంపకూడదు. ఆరునెలలాగి రెండు సగాల్నీ పోల్చాలి.

పచ్చళ్ల అక్కతో ఈ పరీక్ష చేయిద్దామనిపించి అడిగాను. పుస్తకంలో సరి సంఖ్య పేజీల ఇళ్లకు సీసాతో చీటీ కట్టాలి, బేసి పేజీల ఇళ్లకు ఉత్త సీసా. పేజీలు చిరునామాలు వచ్చిన వరసలో ఉన్నాయి కాబట్టి పక్షపాతం ఉండదు. ఆవిడ శ్రద్ధగా విని సరేనంది. మూడో వారం నేను వెళ్లేసరికి 31వ పేజీ ఇంటికి వెళ్లే కందిపొడి డబ్బాకు చీటీ కట్టి ఉంది.

"ఇది బేసి కదక్కా?"

"ఆ అమ్మాయికి నిన్న కాన్పయింది తమ్ముడూ. నేతిలో కలుపుకుని మొదటి ముద్ద తినమని రాయకుండా ఎట్లా పంపను?"

పుస్తకం తీసి, ఆ పేజీని లెక్కలోంచి కొట్టేశాను. ఆవిడ ఇంకో చీటీ కోసం కాగితం చింపుతోంది.